పాత ఎలక్ట్రిక్ కారు ఉంచుకోవాలా, ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయాలా? వరంగల్, ఉత్తర తెలంగాణ ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2020, 2021లో కొన్న ఎలక్ట్రిక్ కార్లు ఇప్పుడు ఐదారేళ్ల వయసుకు వచ్చాయి. హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్ ఎక్కడ నలుగురు ఓనర్లు కలిసినా మాట బ్యాటరీ దగ్గర మొదలై ఎక్స్ఛేంజ్ ధర దగ్గర తేలుతోంది. కింది జవాబులన్నిటి వెనకా ఉన్న నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండి వయసు చూసో, కొత్త మోడల్ ప్రకటన చూసో, బ్యాటరీ పోతుందేమోనన్న భయంతోనో నిర్ణయం తీసుకోవద్దు. మీరు తరచూ తిరిగే దారుల్లో అన్నిటికంటే పొడవైనది ఎంత? ఇవాళ ఫుల్ ఛార్జ్‌తో మీ బండి నిజంగా ఎంత వెళ్తోంది? వారంటీ ఇంకా ఎన్ని నెలలుంది? ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే సగం గందరగోళం పోతుంది. ఇంట్లో ఛార్జింగ్ ఉన్నవాళ్లలో చాలామందికి ఉంచుకోవడమే లాభం. ఎవరికి కాదో కూడా చెప్తాను.

కొన్నప్పుడు 312 కిలోమీటర్లు అన్నరు, ఇప్పుడు 170 కూడా రావట్లేదు. బ్యాటరీ సగం పోయినట్టేనా?

కాదు. 312 అనేది 2020 టాటా నెక్సాన్ ఈవీకి ప్రయోగశాల పరీక్షలో వచ్చిన అంకె. 30.2 యూనిట్ల బ్యాటరీతో కొత్తలో కూడా రోడ్డు మీద చాలామందికి వచ్చింది 200 అటూ ఇటూ. కాబట్టి మీ పోలిక 200తో ఉండాలి, 312తో కాదు. 200 నుంచి 170కి వచ్చిందంటే అందులో కొంత బ్యాటరీ వయసు, కొంత టైర్లు, ఏసీ, స్పీడు. హైవే మీద 80లో పోవడానికీ 100లో పోవడానికీ తేడా చాలా ఎక్కువ. భువనగిరి దాకా 80లో వెళ్లి చూసినవాళ్లకు ఇది తెలుసు.

ఇక్కడ యూనిట్ అంటే మీ కరెంటు బిల్లు మీద ఉండే యూనిట్టే, అంటే ఒక కిలోవాట్ అవర్. కింద బ్యాటరీ లెక్కలన్నీ అందులోనే చెప్తున్నాను.

బ్యాటరీ ఎంత మిగిలిందో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

ఉంది. ఏ పరికరమూ అక్కర్లేదు, ఒక పూట ఖాళీ ఉంటే చాలు. ఈ ఒక్క పని చేయకుండా షోరూమ్ గడప తొక్కవద్దని నా సలహా.

ముందు రోజు రాత్రి ఇంటి ఛార్జర్‌తో నెమ్మదిగా 100 శాతం దాకా ఎక్కించండి. ఫాస్ట్ ఛార్జర్ వద్దు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత పెట్టించండి. పొద్దున్నే ట్రిప్ మీటరు సున్నా చేసి బయల్దేరండి. హన్మకొండ నుంచి కరీంనగర్ వెళ్లి వస్తే సుమారు 140 కిలోమీటర్లు, ఈ పరీక్షకు సరిగ్గా సరిపోయే దూరం. తిరిగి వచ్చాక డిస్‌ప్లే మీద రెండు అంకెలు చూడాలి: ఎంత శాతం మిగిలింది, కిలోమీటరుకు సగటున ఎన్ని వాట్ అవర్లు ఖర్చయింది.

ఉదాహరణకు 145 కిలోమీటర్లు తిరిగారు, సగటు 140 వాట్ అవర్లు చూపించింది, ఛార్జ్ 100 నుంచి 22కి వచ్చింది అనుకుందాం. 145ని 140తో గుణిస్తే 20,300 వాట్ అవర్లు, అంటే 20.3 యూనిట్లు. అది 78 శాతం బ్యాటరీకి సమానం. మొత్తం బ్యాటరీ 26 యూనిట్లన్నమాట. 30.2తో పోలిస్తే 86 శాతం. కంపెనీలు పైనా కిందా కొంత భాగాన్ని తాళం వేసి ఉంచుతాయి కాబట్టి నిజమైన ఆరోగ్యం దీనికంటే ఒకటి రెండు శాతం ఎక్కువే ఉంటుంది. ఐదారేళ్ల బండికి ఇది మంచి మార్కే.

వట్టి కిలోమీటర్లను బట్టి లెక్కేస్తే ఎదురుగాలి, ఏసీ, డ్రైవింగ్ తీరు అన్నీ కలిసి తప్పుదోవ పట్టిస్తాయి. ఖర్చయిన కరెంటుతో లెక్కేస్తే ఆ తేడాలు చాలావరకు కొట్టుకుపోతాయి. అందుకే ఇలా చేయమంటున్నాను. చలికాలంలో ఒకసారి, మే నెలలో ఒకసారి చేసి తేదీతో రాసి పెట్టుకోండి. రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి మీ నోటిమాట కంటే ఆ కాగితమే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే రిపోర్టు ఇస్తరా?

అడిగితే స్కానర్ పెట్టి ఎస్ఓహెచ్ చూస్తారు, అంటే బ్యాటరీ ఆరోగ్యం శాతం. చూసి నోటితో చెప్పి పంపుతుంటే ఊరుకోవద్దు. జాబ్ కార్డు మీద రాయించుకోండి. ప్యాక్‌లో పేర్చి ఉండే చిన్న చిన్న బ్యాటరీలను సెల్స్ అంటారు, వాటి మధ్య వోల్టేజీ తేడా ఎంతుందో కూడా రాయమనండి. మొత్తం శాతం బాగుండి ఒక్క సెల్ బలహీనంగా ఉన్నా ప్యాక్ అంతా దాని వేగానికే కుంటుతుంది.

20 శాతం ఉండంగనే బండి ఒక్కసారి 8కి పడిపోయింది. ఇదేంది?

రెండు కారణాల్లో ఒకటి. నెక్సాన్ లాంటి చాలా కార్లలో ఉండే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీల వోల్టేజీ మధ్యలో దాదాపు మారకుండా ఉంటుంది. అందుకే నెలల తరబడి 40 నుంచి 80 మధ్యనే నడిపితే ఎంత మిగిలిందన్న బండి అంచనా తప్పుతుంది. మూడు నాలుగు సార్లు నెమ్మదిగా 100 దాకా ఎక్కించి, ఎక్కాక కూడా కాసేపు ప్లగ్‌లోనే ఉంచితే సెల్స్ సమం అవుతాయి. అంచనా దారికి వస్తుంది. అప్పటికీ అదే తీరు ఉంటే బలహీనమైన సెల్ ఉందనే అర్థం. వారంటీ ఉన్నప్పుడే కంప్లయింట్ రాయించాల్సింది ఇదే.

బండి అసలు స్టార్టే కాకపోతే మాత్రం కంగారు పడకండి. చాలాసార్లు దోషం పెద్ద బ్యాటరీది కాదు, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీది. మూడు నాలుగేళ్లకు అది మార్చాల్సిందే. దానికి భయపడి బండి అమ్మేయాల్సిన పని లేదు.

మన ఎండలకు బ్యాటరీ తొందరగా పాడైతదా?

ఎండ దెబ్బ నిజమే. రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు కొత్త కాదు. లిథియం బ్యాటరీని రెండు కలిసి తినేస్తాయి: వేడి, నిండుగా ఛార్జ్ ఎక్కి ఖాళీగా నిలబడి ఉండటం. ఎండలో వారం రోజులు 100 శాతంతో నిలబెట్టిన బండికి జరిగే నష్టం రోజూ తిరిగే బండికి జరిగేదానికంటే ఎక్కువ. ఊరెళ్తుంటే 50 శాతం దగ్గర ఉంచి వెళ్లండి. మధ్యాహ్నం తిరిగొచ్చి వేడిగా ఉన్న బండిని వెంటనే ప్లగ్‌కి పెట్టకుండా రాత్రి పదకొండు తర్వాత పెట్టండి. రేకుల షెడ్డు అయినా సరే నీడ ఉండాలి. నెక్సాన్, టియాగో వంటి వాటిలో బ్యాటరీ చుట్టూ కూలెంట్ తిరుగుతుంది కాబట్టి నడుస్తున్నప్పుడు చాలావరకు కాపాడుకుంటుంది.

వారంటీ ఇంకో రెండేళ్లే ఉంది. ఇప్పుడే అమ్మేయాలా?

ఇదే అసలు ప్రశ్న.

నెక్సాన్, టియాగో ఈవీలకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. హ్యుందాయ్ కోనాకూ అంతే. 2020 ఎంజీ జడ్‌ఎస్ ఈవీకి 8 ఏళ్లు, 1,50,000. అంటే 2020లో కొన్న బండికి 2028 దాకా రక్షణ. కిలోమీటర్లు ఎక్కువ తిరిగినవాళ్లకు అంతకంటే ముందే అయిపోవచ్చు. భూపాలపల్లి, రామగుండం నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు ముందు మీటరు చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఎలక్ట్రిక్ కారు విలువలో పెద్ద భాగం ఆ మిగిలిన వారంటీదే. చాలా కంపెనీల్లో 8 ఏళ్ల వారంటీ బండితో పాటే రెండో ఓనరుకు పోతుంది. మీ వారంటీ పుస్తకంలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. రెండేళ్లు మిగిలి ఉన్న బండిని కొనేవాడు ధైర్యంగా కొంటాడు. అయిపోయిన మరుసటి నెల అదే బండికి బేరమే రాదు.

కాబట్టి నా దృష్టిలో తెలివైన దారులు రెండే. వారంటీ రెండేళ్లు మిగిలి ఉండగానే అమ్మడం ఒకటి. అమ్మే ఆలోచనే వదిలేసి బండి పనికొచ్చినన్నాళ్లు వాడుకోవడం రెండోది. చూద్దాం, చూద్దాం అంటూ వారంటీ అయిపోయిన ఆరు నెలలకు అమ్మడానికి పోయినవాళ్లు రెండు వైపులా నష్టపోతారు.

ఉంచుకుంటున్నారంటే వారంటీ చివరి ఏడాదిని ఊరికే పోనివ్వకండి. గడువుకు ఆరు నెలల ముందే ఎస్ఓహెచ్ పరీక్ష చేయించండి. చాలా కంపెనీలు 70 శాతం దగ్గర గీత గీస్తాయి, మీ పుస్తకంలో ఎంత రాసి ఉందో చూడండి. గీతకు దగ్గరగా ఉంటే, సెల్స్ మధ్య తేడా కనిపిస్తే, ఛార్జింగ్ మధ్యలో ఆగిపోతుంటే ప్రతిదీ జాబ్ కార్డు మీదికి ఎక్కించండి. గడువులోపల రాయించిన కంప్లయింట్‌కు బలం ఉంటుంది. గడువు దాటాక చెప్పిన మాటకు ఉండదు.

ఇంకొకటి. వారంటీ అంటే బ్యాటరీ, మోటారు వరకే అని చాలాచోట్ల ఉంటుంది. బండిలోపలి ఛార్జర్, పెద్ద బ్యాటరీ కరెంటును 12 వోల్టులకు దించే డీసీ కన్వర్టర్ అందులో ఉన్నాయో లేదో విడిగా చూడాలి. పాతబడ్డ బండ్లలో అవి కూడా పాడవుతాయి.

వారంటీ అయినంక బ్యాటరీ పోతే పది లక్షలు అంటున్నరు, నిజమేనా?

ఆ అంకె ఎవరు చెప్పారో వాళ్లనే కాగితం మీద రాసిమ్మనండి. మీ ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్ ఇచ్చే కొటేషన్ తప్ప మిగతావన్నీ పుకార్లే. ప్రపంచ మార్కెట్‌లో బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2010లో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్లు పైన ఉండేది, 2024కి 115 డాలర్లకు దిగింది. అది కార్ల కంపెనీలకు పడే ధర. స్పేర్ పార్టుగా మీకు పడేది అంతకంటే చాలా ఎక్కువే. అయినా ధర ఏ దిక్కున పోతోందో దాన్ని బట్టి తెలుస్తోంది.

పైగా బ్యాటరీ చావడం అంటే ఒక్కరోజులో మొత్తం చావడం కాదు. సాధారణంగా ఒక మాడ్యూల్, అంటే కొన్ని సెల్స్ కలిసిన ఒక పెట్టె, బలహీనపడుతుంది. విప్పి ఆ ఒక్కటే మార్చే వీలు చాలా ప్యాకుల్లో ఉంది. ఎల్ఎఫ్‌పీ బ్యాటరీలు 2,000 సార్లకు పైగా నిండి ఖాళీ అయినా పనిచేసేలా తయారవుతాయి. ఒక్క నిండుకు 170 కిలోమీటర్లే వేసుకున్నా, వెయ్యి సార్లకే 1,70,000 కిలోమీటర్లు. ఏడాదికి 12,000 తిరిగే ఇంట్లో బ్యాటరీని అరగదీసేది కిలోమీటర్ల కంటే వయసు, వేడి.

15 లక్షలు పెట్టి కొన్న బండికి షోరూమోళ్లు ఇంత తక్కువ చెప్తున్నరు. మోసమా?

అంతా మోసం కాదు. కొత్త బండి ధరే కిందికి దిగింది. 2020 జనవరిలో నెక్సాన్ ఈవీ 13.99 లక్షల నుంచి మొదలైంది. 2024 సెప్టెంబరులో అంతకంటే మెరుగైన నెక్సాన్ ఈవీ 12.49 లక్షల నుంచి దొరికింది. కొత్తదే చవకైనప్పుడు పాతదానికి ఎక్కువ ఎవరిస్తారు? దానికి తోడు ఇప్పుడు కొన్ని కొత్త మోడళ్లకు మొదటి ఓనరుకు జీవితకాల బ్యాటరీ వారంటీ ఇస్తున్నారు. 8 ఏళ్ల బండి దాని పక్కన వెలవెలబోతుంది.

పన్ను సంగతి కూడా ఉంది. 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయంతో డీలరు పాత ఎలక్ట్రిక్ కారు అమ్మినా తన లాభం మీద 18 శాతం కట్టాలి, అంతకుముందు 12 ఉండేది. ఆ భారం మీకిచ్చే ధరలో కొంత కనిపిస్తుంది. ఇద్దరు మామూలు వ్యక్తుల మధ్య అమ్మకానికి ఇది లేదు.

అయితే ఈ పడిపోయిన ధరను ఇంకో వైపు నుంచి చూడండి. పెద్ద నష్టం ఇప్పటికే జరిగిపోయింది. ఇక ముందు ఏడాదికి పోయేది తక్కువ. కొత్తది కొంటే ఆ మొదటి మూడేళ్ల పెద్ద నష్టం మళ్లీ మొదటి నుంచి మీ నెత్తినే పడుతుంది.

ఎక్స్ఛేంజ్ బోనస్ అని ఊరిస్తున్నరు. బేరం ఎట్ల చెయ్యాలె?

మూడు అంకెలు విడివిడిగా రాయించుకోండి. ఎక్స్ఛేంజ్ లేకుండా కొత్త బండి ఆన్‌రోడ్ ధర ఎంత. కొత్తది కొనకపోయినా మీ పాత బండికి ఎంతిస్తారు. బోనస్ ఎంత. ఈ మూడింటినీ కలిపేసి "మొత్తం మీద మీకు ఇంత లాభం" అని చెప్పినంతసేపు మీకు ఏదీ తెలియదు. పాత బండి ధర 40 వేలు తగ్గించి 50 వేల బోనస్ ఇస్తే దక్కింది పది వేలే.

హన్మకొండలో ఒక్క ధరతో ఆగొద్దు. హైదరాబాద్‌లో పాత ఎలక్ట్రిక్ కార్లకు గిరాకీ ఎక్కువ. అక్కడ రెండు చోట్ల చూపించి రండి.

కొత్తదానికి మారితే నెలకు ఎంత పడుతది?

ఉదాహరణకు పాతదానికి 5 లక్షలు వచ్చాయి, కొత్తది 14 లక్షలు అనుకుందాం. 9 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెలకు దాదాపు 18,700. ఈ డబ్బు దేనికి పెడుతున్నారో మిమ్మల్ని మీరు అడగండి. ఏడాదికి పదిసార్లు హైదరాబాద్ వెళ్లడానికే పెద్ద బ్యాటరీ కావాలనిపిస్తే, కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజంతా రైళ్లున్నాయి. ఆ పదిసార్లూ కిరాయి కారు మాట్లాడుకున్నా ఏడాదికయ్యే ఖర్చు నాలుగైదు ఈఎంఐలకు మించదు.

పాత బండి నడపడానికి అసలు ఎంత ఖర్చు?

నెలకు 1,000 కిలోమీటర్లకు ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి 160 యూనిట్ల దాకా కాలుతుంది. ఇంటి మీటరు మీదే పెడితే స్లాబు చూసుకోవాలి. నెల వాడకం 200 దాటిన ఇళ్లకు 201 నుంచి 300 దాకా యూనిట్ 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు, 400 దాటితే 800 దాకా 9.50. ఎండాకాలం రెండు ఏసీలున్న ఇంట్లో కారు యూనిట్లన్నీ పై స్లాబులోనే పడతాయి, అంటే 1,500 దాకా. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్‌కు యూనిట్ 6 రూపాయల టారిఫ్ వేరుగా ఉంది. విడి మీటరు గురించి మీ కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగండి. అప్పుడు కాలిన యూనిట్ల ఖర్చు వెయ్యి లోపే అయిపోతుంది. అదే దూరం లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు 107 రూపాయల లెక్కన 7,000 పైమాటే.

ఇంటి మీద సోలార్ ఉంటే ఈ చర్చ దాదాపు ముగిసినట్టే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది. ఆ పలకలు నెలకు 300 యూనిట్లకు పైనే ఇస్తాయి. ఇల్లు, పాత బండి రెండూ చాలావరకు దాని మీదే నడిచిపోతాయి. కొత్త కారుకు పెట్టే డబ్బులో చిన్న భాగం ఇటు పెడితే ఎక్కువ కలిసొస్తుందని నా గట్టి నమ్మకం.

మాకు సొంత పార్కింగ్ లేదు, బయట ఛార్జ్ చేసుకుంటున్నం.

మీ లెక్క వేరు. బయటి ఫాస్ట్ ఛార్జింగ్‌లో యూనిట్‌కు ఇంటి రేటుకు రెండు మూడింతలు పడుతుంది, వెయిటింగ్ వేరే. చిన్న బ్యాటరీ కాబట్టి తరచూ వెళ్లాలి. అపార్ట్‌మెంట్‌లో ఒక 15 యాంపియర్ల పాయింటు, సబ్ మీటరు పెట్టించుకునే వీలు లేకపోతే మార్చడం గురించి నిజంగానే ఆలోచించండి. అయితే ఇంకో ఎలక్ట్రిక్ కారు కొన్నా ఇదే తిప్పలు వెంట వస్తాయి.

వారం వారం హైదరాబాద్ పోవాలె. 30 యూనిట్ల బండితో అయితదా?

వరంగల్ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్ల దాకా. 86 శాతం ఆరోగ్యంతో ఉన్న బండి 80లో వెళ్తే చేరుతుంది, కానీ చేరాక ఛార్జ్ చేయక తప్పదు, ఊళ్లో ట్రాఫిక్‌కు మిగిలేదీ తక్కువ. పాత నెక్సాన్ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర కూడా 80 శాతానికి గంట తీసుకుంటుంది. దారిలో జనగామ, ఆలేరు, భువనగిరి దగ్గర ఆగుతూ నెలకు నాలుగైదుసార్లు, అందులోనూ ఇంట్లో ఇదొక్కటే బండి అయితే, మార్చేయండి. 45 యూనిట్లు, అంతకు మించిన బ్యాటరీ మీకు నిజంగా అవసరం. ఇక్కడ మాత్రం ఉంచుకోమని చెప్పను.

మేడారం ప్రయాణం గురించి కూడా అడుగుతుంటారు. వరంగల్ నుంచి రానూపోనూ 200 కిలోమీటర్లు. పాత చిన్న బ్యాటరీతో మధ్యలో ఛార్జింగ్ లేకుండా కాదు. ములుగు దాటాక దొరుకుతుందిలే అన్న ధీమాతో బయల్దేరవద్దు.

రోడ్డు ట్యాక్స్ మాఫీ 2026తో అయిపోతదట కదా, అందుకే ఇప్పుడే మారుదామా?

2024 నవంబరు 18 నుంచి తెలంగాణలో కొని, ఇక్కడే రిజిస్టర్ చేసిన ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. ఆ జీవో గడువు 2026 డిసెంబరు 31. పది లక్షలు దాటిన పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తక్కువ ఉండదు కాబట్టి ఇది చిన్న లాభం కాదు.

ఎలాగూ ఏడాది లోపల మార్చేవాళ్లు ఈ తేదీని లెక్కలోకి తీసుకోండి. మార్చే అవసరమే లేనివాళ్లు రెండు లక్షలు మిగులుతాయని తొమ్మిది లక్షల అప్పు ఎత్తుకోవద్దు.

వరద నీళ్లల్ల నిలబడ్డ బండి. ఉంచుకోవచ్చా?

2020 ఆగస్టు, 2023 జులై, 2025 అక్టోబరు వానలకు వరంగల్, హన్మకొండ కాలనీల్లో బండ్లు మునిగాయి. ఐపీ 67 అనే నీటి రక్షణ ప్రమాణం ఉన్న బ్యాటరీ మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా తయారవుతుంది, అదీ సీళ్లు కొత్తగా ఉన్నప్పటి మాట. రాత్రంతా నీళ్లలో ఉన్న బండికి ఆ భరోసా లేదు. తడి కనెక్టర్ల తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. లిఫ్ట్ మీద పెట్టించి హై వోల్టేజీ ఇన్సులేషన్ పరీక్ష చేయించండి, రిపోర్టు తీసుకోండి. తేడా ఉంటే ఇన్సూరెన్స్ ద్వారానే తేల్చుకోండి. అమ్ముతున్నా సరే, కొనేవారికి నీళ్ల సంగతి చెప్పే అమ్మండి. అది ఒక కుటుంబం ఎక్కి తిరిగే బండి.

మా కోనా ఇప్పుడు కంపెనీ అమ్మట్లేదు. స్పేర్లు దొరుకుతయా?

2019లో వచ్చిన కోనాను 2024లో మన మార్కెట్‌లో ఆపేశారు. కంపెనీ మాత్రం ఇక్కడే ఉంది, సర్వీసు ఉంది. 39.2 యూనిట్ల బ్యాటరీ కాబట్టి పాత బండ్లలో రేంజ్ పరంగా ఇది మేలైనదే. 2020 చివర్లో బ్యాటరీ తనిఖీకి కొన్ని కోనాలను వెనక్కి పిలిచారు. మీ ఛాసిస్ నంబరుకు ఆ పని జరిగిందో లేదో అడగండి. అద్దాలు, బంపర్లు, లైట్ల వంటి వాటికి ఆలస్యం తప్పకపోవచ్చు. మహీంద్రా ఈ2ఓ, ఈ-వెరిటో వంటి పాత బండ్లకు ఇప్పటి కార్లకు వాడే సీసీఎస్2 రకం ప్లగ్ ఉన్న ఫాస్ట్ ఛార్జర్ కుదరదు. అవి ఊళ్లో తిరగడానికే.

దీన్ని రెండో బండిగా ఉంచుకుంటే?

నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇది. పొడవైన ప్రయాణాలకు ఇంకో బండి, బడికి, ఎంజీఎం ఆసుపత్రికి, మార్కెట్‌కు, ఆఫీసుకు ఇది. 120 కిలోమీటర్లే వచ్చే బండి కూడా కాజీపేట నుంచి వరంగల్ కోట దాకా రోజుకు నాలుగుసార్లు తిరగగలదు.

లోన్ ఇంకా నడుస్తోంది. ముందే తీర్చేసి మార్చాలా?

2019 ఏప్రిల్ 1, 2023 మార్చి 31 మధ్య మంజూరైన ఎలక్ట్రిక్ వాహన రుణం వడ్డీ మీద పాత పన్ను విధానంలో ఏడాదికి లక్షన్నర దాకా మినహాయింపు ఉంది. కొత్తగా తీసుకునే రుణానికి అది లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లు దీన్ని లెక్కేసుకోవాలి. లోన్ తీరాక ఫారం 35తో ఆర్సీ మీద హైపోతికేషన్, అంటే అప్పిచ్చినవాళ్ల పేరు, తీయించుకోవడం మరవద్దు.

ఉంచుకుంటం. ఏం చేయించాలె?

12 వోల్టుల బ్యాటరీ నాలుగేళ్లు దాటితే మార్చేయండి. టైర్లు చూడండి. ఎలక్ట్రిక్ బండి బరువుకు, ఎత్తుకునే ఊపుకు అవి తొందరగా అరుగుతాయి. కూలెంట్ గడువు ప్రకారం మార్పించండి, ఇది బ్యాటరీ ప్రాణానికి సంబంధించినది, వాయిదా వేయవద్దు. బ్రేకులు తక్కువ వాడటం వల్ల కాలిపర్లు పట్టేస్తాయి, ఏడాదికోసారి శుభ్రం చేయించండి. ఇంట్లో ఛార్జింగ్ ప్లగ్ వేడెక్కుతుంటే సాకెట్, ఎర్తింగ్ రెండూ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఐదేళ్లు దాటాక ఇన్సూరెన్స్‌లో బండి విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించేదే, కాబట్టి వాళ్లు వేసిన అంకెకు తలూపేయకండి. జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదల కింద కోత వేయని కవర్), బ్యాటరీ కవర్ ఇంకా ఇస్తారో లేదో అడగండి.

ఇచ్చేస్తున్నం. బండి అప్పజెప్పే రోజు ఏం చూసుకోవాలె?

అన్నిటికంటే ముఖ్యం ఆర్సీ. పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు మీరే. ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవారిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మనిషికి అమ్మితే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఫొటోకాపీలు ఉంచుకోండి. వేరే రాష్ట్రానికి పోయే బండి అయితే ఫారం 28తో ఎన్ఓసీ కావాలి. రిజిస్టర్ అయిన డీలరుకు ఇస్తే, 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ఫారం 29సీ ద్వారా బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఆ రసీదు లేకుండా తాళం ఇవ్వకండి.

నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. గరిష్ఠంగా 50 శాతం దాకా ఉండే ఆ తగ్గింపును సర్టిఫికెట్ తీసుకుని కొత్త బండి పాలసీకి మార్చుకోవచ్చు, మూడేళ్లు చెల్లుతుంది. చాలామంది దీన్ని వదిలేసుకుంటున్నారు.

ఫాస్టాగ్ మూయించండి. ఫోన్‌లోని కారు యాప్ నుంచి బండిని తీసేయండి, లేకపోతే అది ఎక్కడుందో మీకు, మీ ఇల్లెక్కడో వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. పోర్టబుల్ ఛార్జర్ కేబుల్, రెండో తాళం బండితో ఇస్తున్నట్టు రాయించుకుంటే ధరలో అడగొచ్చు. గోడకు బిగించిన ఛార్జర్ మాత్రం కొత్తది కూడా ఎలక్ట్రిక్ కారే అయితే విప్పి ఇవ్వకండి, పనికొస్తుంది. ఓడోమీటరు, తేదీ, సమయం కనిపించేలా ఒక ఫొటో తీసి డెలివరీ నోటు మీద సంతకం చేయించుకోండి.